నవమి పందిట్లో నీలం డ్రమ్ము

గుంటూరులో మా వీధి మొగలో ఒక చిన్న గ్రంథాలయం ఉండేది. దాని అరుగు గోడకు ఒక నల్లబల్ల బిగించి ఉండేది. ఎండలు మొదలైనప్పటి నుంచి ఏప్రిల్ చివరి దాకా ఊళ్ళో జరగబోయే కార్యక్రమాలన్నీ ఆ బల్ల మీద రాయడం నా పని. లెక్కల టీచరుగా రిటైరయ్యాక, ఎవరూ అప్పగించకుండానే నేను తీసుకున్నాను. ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, తరువాత నాటిక పోటీలు, సంగీత పాఠశాల వార్షికోత్సవం, పూల ప్రదర్శన, నవమి పందిళ్ళు, చర్చీల్లో గుడ్ ఫ్రైడే కూటాలు, ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఆడవాళ్ళకు కూర్చునే చోటుందా లేదా, తిరిగి రావడానికి బస్సుందా లేదా, అన్నీ కనుక్కొని రాసేదాన్ని. ‘సాయంత్రం’ అని మాత్రం రాసి ఊరుకునే మనుషులంటే నాకు పడదు. సాయంత్రమంటే నాలుగా, ఆరున్నరా?

1998లో శ్రీరామనవమి, మట్టల ఆదివారం ఒకే రోజు వచ్చాయి. బల్ల మీద ఒకే గడిలో రెండూ ఇరికించి రాశాను. ఆ ఏడు పేరు బహుధాన్య. ఉగాదినాడు సిద్ధాంతిగారు పంటలు సమృద్ధిగా పండుతాయని చదివితే విన్నవాళ్ళలో ఒక్కరూ తలూపలేదు. అంతకుముందు చలికాలంలో పత్తి పోయింది. పురుగు చావక రైతులు మందు మీద మందు కొట్టారు. చివరికి ఆ మందే తాగిన వాళ్ళున్నారు. దర్శి దగ్గర మా అమ్మాయి వాళ్ళ పత్తీ పోయింది. మాఘమాసంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చీకటి పడగానే మందు డబ్బాలున్న గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేదాన్ని. అల్లుడు చూసేవాడు. చూసి ఏమీ అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు మరింత భయం. ఆ గది వాసన నా ముక్కులో ఉండిపోయింది. కుళ్ళిన వెల్లుల్లికీ కిరసనాయిలుకూ మధ్య ఉంటుంది. గుంటూరు వచ్చాక కూడా అన్నం కలుపుతుంటే ఒక్కోసారి తగిలేది. లేదని తెలిసినా చెయ్యి కడుక్కొని మళ్ళీ కలుపుకునేదాన్ని.

ఆ అమ్మాయి కూతురు నా దగ్గర ఉండి ఐదో తరగతి చదువుతోంది. దాని ప్రాణస్నేహితురాలు మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే టీచరమ్మ కూతురు. వాళ్ళు క్రైస్తవులు. ఆ టీచరమ్మ మిషన్ బడిలో పని చేస్తూ ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలూ నాటికలూ నేర్పేది. మంచి మనిషి, మాటకు నిలబడే మనిషి. ఒక్క విషయంలో మాత్రం కచ్చితం. దేవుడికి పెట్టిన ప్రసాదం వాళ్ళింట్లో ముట్టరు. నేనూ ఎన్నడూ పెట్టలేదు. మా ఇంట్లో ఆ పిల్లకు పెట్టే అట్లైనా, అరిసెలైనా పూజగదిలోకి వెళ్ళనివే పెట్టేదాన్ని. ఆ సంగతి టీచరమ్మకు తెలుసు.

నవమికి వారం ముందు మా వీధి పందిరి కమిటీ సెక్రటరీగారు తల పట్టుకొని వచ్చాడు. ఆయనకు చిలకలూరిపేట అవతల పొలాలున్నాయి. తమ్ముడు సేద్యం చూస్తాడు.

“అక్కయ్యగారూ, ఊళ్ళో గంగాళాల్లేవండీ. సప్లయర్స్ షాపులన్నీ తిరిగాను. సందుకో పందిరి. మిగిలిన గిన్నెలు చర్చీల వాళ్ళు భోజనాలకి పట్టుకుపోయారు. పానకం దేంట్లో కలపాలి? నా నెత్తి మీదా?”

“మీ నెత్తి మీదైతే రెండు చెంబులు కూడా ఆగవు. వెతకండి” అన్నాను.

ఆయన వెతికాడు. నవమి రోజు పొద్దున పందిరి వెనక వంటల దగ్గరికి వెళ్ళేసరికి ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, ఒక ఇత్తడి గంగాళం ఉన్నాయి. డ్రమ్ము కడిగి నిగనిగలాడుతోంది. నిండా నీళ్ళు పోసి బెల్లం కలుపుతున్నారు. ఎక్కడిదని నేను అడగలేదు. ఊరంతా నీళ్ళు పట్టుకునేవి అలాంటి డ్రమ్ములే.

పది గంటలకు పిల్లలు కోలాటం వేశారు. మా మనవరాలు రెండో వరుస. దాని స్నేహితురాలు పొద్దున మట్టల ఊరేగింపులో నడిచి, చర్చి అయ్యాక వాళ్ళమ్మను అడిగి కోలాటం చూడటానికి వచ్చింది. తల్లి రానిచ్చింది. “చూసి రా, ఏమీ తినొద్దు, తాగొద్దు” అని గుమ్మంలో చెప్పడం నేను విన్నాను. కోలాటం అయ్యాక ఇద్దరూ నా దగ్గరకు పరుగెత్తుకొచ్చారు.

“అమ్మమ్మా, చర్చిలో ఈస్టరు నాటిక రిహార్సలుంది. నేనూ వెళ్ళి చూసొస్తా” అంది మనవరాలు.

“కల్యాణం చూడవా?”

“రాముడికి ప్రతి ఏడూ అదే పెళ్ళిగా అమ్మమ్మా!”

నవ్వొచ్చింది. వెళ్ళమన్నాను.

కల్యాణం మధ్యాహ్నం. దానికి ముందు పానకం ఎందరికి సరిపోతుందో చూడాలని వెనక్కి వెళ్ళాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నైవేద్యం కాకముందు దేవుడి పదార్థం రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. వాసన చూస్తే ఎంగిలి అయినట్టే. మా పందిరి వంటాయన ఆ నియమం ఎంత పట్టేవాడంటే, యాలకుల పొడి వేసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకొని వేసేవాడు. బెల్లం కొట్టిన వాళ్ళూ, నీళ్ళు పోసిన వాళ్ళూ అంతే. పొద్దుటి నుంచి ఆ డ్రమ్ము చుట్టూ తిరిగిన మనుషుల్లో ఒక్కరి ముక్కూ దాని మీదికి పోలేదు.

నేనూ ఆ నియమం తప్పేదాన్ని కాదు. కానీ డ్రమ్ములో మట్టం ఎక్కడుందో చూడకుండా గ్లాసుల లెక్క తేలదు. మీద కప్పిన గుడ్డ తీసి వంగాను. ఊపిరి బిగబట్టాననే అనుకున్నాను. బిగబట్టలేకపోయాను.

మొదట యాలకులు. తరువాత మిరియాలు. వాటి కింద, అడుగున, నేను తాళం వేసిన గది వాసన.

ఇది కూడా నా భ్రమే అనుకున్నాను. ఇంటికి వెళ్ళి చెయ్యి కడుక్కుంటే పోయే వాసనే అనుకున్నాను. గుడ్డ కప్పి, పక్కనున్న గంగాళం మీది గుడ్డ తీసి వాసన చూశాను. అందులో బెల్లమూ యాలకులూ తప్ప ఏమీ లేదు. మళ్ళీ డ్రమ్ము దగ్గరకు వచ్చాను. ఉంది.

సెక్రటరీగారిని పిలిచాను. “ఈ డ్రమ్ము ఎక్కడిది?”

“మా తమ్ముడిది, పొలం నుంచి తెప్పించా. ఏమండీ?”

“పొలంలో దీంట్లో ఏం కలుపుతారు?”

ఆయన మొహం మారింది. అయినా గొంతు తగ్గించలేదు. “బూడిదతో, చింతపండుతో ఆరుసార్లు తోమించానండీ. రెండ్రోజులు ఎండలో బోర్లించాను. మా పొలంలో కూలీలు తాగే నీళ్ళు కూడా అలాగే కడిగిన డ్రమ్ముల్లోనే ఉంటాయి. ఎవరికేమైంది?” అన్నాడు. తరువాత కళ్ళు పెద్దవి చేశాడు. “అయినా మీరు వాసన చూశారా? నైవేద్యం కాకుండా?”

“చూశాను. మీరూ చూడండి.”

“నవమి పూట నన్ను ఆ పాపం చెయ్యమంటారా?”

“చూడవయ్యా ముందు!”

ఆయన వంగాడు. పత్తి పండించే వాడికి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. ఇద్దరు మనుషుల్ని పిలిచి డ్రమ్ము కాలువలోకి వంచమన్నాడు. పందిరి వెనక ఆడవాళ్ళు నోరు నొక్కుకున్నారు. నవమినాడు పానకం పారబోయడం వాళ్ళెప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. అప్పటికి నాకు గుండె కుదుటపడింది. నైవేద్యం కాలేదు కాబట్టి ఎవరూ తాగలేదు కదా అని.

వంటాయన అప్పుడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“అమ్మగారూ, ఇందాక మీ మనవరాలూ, దాని నేస్తమూ వచ్చి దాహమన్నారండీ. అప్పటికింకా మిరియాలు గట్రా వెయ్యలేదు. ఒట్టి బెల్లం నీళ్ళేగదా, పిల్లలేగదా అని చెరో గ్లాసు ముంచి ఇచ్చానండీ.”

“దేంట్లోంచి?”

ఆయన డ్రమ్ము వైపు చూశాడు.

చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు. పెద్ద వీధిలోకి వచ్చి ఆటో ఆపాను. ఆ రోజు ఊళ్ళో ఏ వీధిలో పందిరి అడ్డంగా వేశారో, ఏ వీధి తెరిచి ఉందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అన్నీ నా చేత్తో రాసినవే. “అరండల్‌పేటలోకి పోకు, అక్కడ పెద్ద పందిరి. బ్రిడ్జి వైపు కూడా వద్దు, ఊరేగింపు వస్తుంది” అని చెప్తుంటే ఆటో అబ్బాయి, “మామ్మగారూ, మీరే తోలండి, నేను వెనక కూర్చుంటా” అన్నాడు. మామూలు రోజైతే బదులు చెప్పేదాన్ని. మనవరాలి తల్లికి ఏమని చెప్పాలి? ఏ ఇంట్లో మందుకు తాళం వేశానో ఆ ఇంటి పిల్లకు నా ఊళ్ళో, నా కళ్ళ ముందు అదే మందు పోశారని చెప్పాలా?

ప్రతి సందులోనూ మైకులు. ఎక్కడ చూసినా పిల్లల చేతుల్లో స్టీలు గ్లాసులు. ప్రతి గ్లాసునూ లాగి పారేయాలనిపించింది.

చర్చి తలుపులు మూసి ఉన్నాయి. గేటు మీద పొద్దుటి ఈతమట్టలు ఇంకా కట్టే ఉన్నాయి. వాచ్‌మన్ తాపీగా లేచాడు. “రిహార్సలా? ఇక్కడ కరెంటు పోయిందమ్మా. బడి హాల్లోకి పోయారు, వెనక వీధి.” నా బల్ల మీద ‘చర్చిలో’ అని రాసి ఉంది. జన్మలో మొదటిసారి నేను రాసిన చోట జనం లేరు.

బడి హాల్లో నలభైమంది పిల్లలు గోల చేస్తున్నారు. మా మనవరాలు ముందు బెంచీ మీద కూర్చొని కాళ్ళూపుతోంది. దగ్గరకు లాక్కొని నోరు వాసన చూశాను. పురుగుమందు లోపలికి పోతే కనుపాపలు కుంచించుకుపోతాయని మా అమ్మాయి ఊళ్ళో విన్నాను, అందుకే కళ్ళలోకి చూశాను. కనుపాపలు ఆ నీడలో ఉండాల్సినంత పెద్దగానే ఉన్నాయి.

“పానకం తాగావా?”

“ఒక్క గుక్క. బాగోలేదమ్మమ్మా. ఉమ్మేశా.”

“మిగతాది ఏం చేశావు?”

అది స్టేజీ వైపు చూసింది.

స్టేజీ మీద దాని స్నేహితురాలు తెల్లదుప్పటి కప్పుకొని నిలబడి ఉంది. దేవదూత వేషం. ఎదుట హార్మోనియం దగ్గర వాళ్ళమ్మ. నేను మెట్లెక్కి ఆ పిల్ల గడ్డం పట్టి పైకెత్తాను. నుదురంతా చెమట. పెదవుల చివర తడి. మాటిమాటికీ మింగుతోంది. కనుపాపలు ఆవగింజల్లా ఉన్నాయి.

“ఏమ్మా, నువ్వు పందిట్లో పానకం తాగావా?”

ఆ పిల్ల నన్ను చూడలేదు. వాళ్ళమ్మను చూసింది. “లేదండీ” అంది.

టీచరమ్మ లేచి వచ్చింది. “పెద్దమ్మగారూ, అది తాగదండీ. నేను చెప్పే పంపాను. ఎండలో ఊరేగింపులో నడిచింది కదా, వడ తగిలినట్టుంది. నిమ్మరసం ఇస్తాను.”

“వడ కాదమ్మా. ఆ డ్రమ్ము పత్తి మందుది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.”

“తాగలేదంటోందిగా! మా పిల్ల నాతో అబద్ధమాడదండీ” అంది. ఆమె గొంతులో కోపం వచ్చింది. కోపం నా మీద కాదు, వినకూడని మాట పిల్లలందరి ముందూ విన్నందుకు. “తాగావా?” అని కూతుర్ని అడిగింది. అడిగిన తీరులోనే జవాబు ఉంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. మా మనవరాలు బెంచీ మీద నుంచి లేచి నిలబడి రెండు చేతులూ గౌను జేబుల్లో దోపుకుంది. దానికి తెలుసు. చెప్పనని మాటిచ్చింది. ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు. ఆ పిల్ల మింగుతూనే ఉంది.

ఆ క్షణంలో పడిన భయం నేను ఎవరికీ కోరను. ఎత్తుకొని పరుగెత్తే బలం నాకు లేదు. తల్లి కదలదు. కదిలినా డాక్టరు ‘ఏం తాగింది, ఎంత తాగింది’ అంటే ఆ పిల్ల అక్కడా తల అడ్డంగానే ఊపుతుంది. అది మందుకు భయపడటం లేదు. మందంటే దానికేం తెలుసు? తల్లి పెట్టిన హద్దు దాటినందుకు భయపడుతోంది.

నేను ఆ స్టేజీ మీదే కింద కూర్చున్నాను. నా మొహం దాని మొహానికి సమంగా వచ్చింది.

“చూడమ్మా. నేను లెక్కల టీచర్ని. లెక్క తప్పు చెప్పను. ఈ రోజు కల్యాణం మధ్యాహ్నం. కల్యాణమయ్యాక నైవేద్యం. నైవేద్యమయ్యాకే అది ప్రసాదం. నువ్వు వెళ్ళింది పదిన్నరకు. అప్పటికి దేవుడికి పెట్టలేదు. మిరియాలూ యాలకులూ కూడా కలపలేదు. ఆ గ్లాసులో ఉన్నది బెల్లం నీళ్ళు. మా ఇంట్లో నువ్వు తాగే నిమ్మరసం లాంటిదే. ప్రసాదం కాదు. కానేకాదు.”

తరువాత తల్లి వైపు తిరిగాను. “అవునా కాదా టీచరుగారూ, మీరే చెప్పండి. దేవుడికి పెట్టనిదాన్ని ప్రసాదమంటారా?”

టీచరమ్మ నన్ను చూసింది. తరువాత కూతురి పెదవుల మీది తడిని చూసింది. అప్పటికి ఆమెకు అర్థమైనట్టుంది. “అనరండీ” అంది. “అనరు తల్లీ. చెప్పమ్మా.”

“రెండు గ్లాసులు తాగాను” అంది పిల్ల. ఏడుపు ముంచుకొచ్చింది. “తనది కూడా నేనే తాగాను. వాసనొచ్చింది. పానకమంటే అలాగే ఉంటుందేమో అనుకున్నా. నేనెప్పుడూ తాగలేదుగా.”

ఆటోలోనే వాంతి చేసుకుంది. కొత్తపేటలో డాక్టరుగారు కనురెప్పలు ఎత్తి టార్చి వేసి చూశారు. ఎంత తాగిందో, ఎప్పుడు తాగిందో అడిగారు. పిల్ల తానే చెప్పింది. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు. “కనుపాపలు పెద్దవి కావాలి. నోరు ఎండాలి. దాహమని ఏడిస్తే మనకు మంచిది. అంతవరకూ నన్నేమీ అడక్కండి” అన్నారు. మా మనవరాలినీ ఒక మంచం మీద పడుకోబెట్టి గమనించారు. దానికేమీ కాలేదు.

సెక్రటరీగారు వచ్చాడు. తమ్ముడికి ఫోన్ చేసి మందు పేరు కనుక్కొని, డాక్టరుకు చెప్పి, వార్డు గుమ్మం బయటే ఉండిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. “ఆరుసార్లు తోమించానక్కయ్యా” అని గోడకు చెప్పినట్టు చెప్పాడు. ఆ రోజు ఇంకో గంటలో ఆ డ్రమ్ము ముందు మా వీధి వీధంతా వరసలో నిలబడేది.

టీచరమ్మ మంచం పట్టె పట్టుకొని నిలబడింది. ప్రార్థన చేస్తోందనుకున్నాను. పెదవులు కదలడం లేదు. కూతురి కళ్ళు తప్ప ఏమీ చూడటం లేదు. నేనూ అవే చూశాను. ఎంతసేపు చూసినా అవే ఆవగింజలు. ఒకసారి పెద్దవయ్యాయనిపించేది. వంగి చూస్తే కావు. పొద్దు వాలుతుంటే ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నాలుకతో పెదవులు తడుపుకోబోయి, తడి లేక, “అమ్మా, దాహం” అంది. తల్లి గ్లాసందుకుంటే నర్సు చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడే వద్దమ్మా. దాహమంది కదా, అది చాలు.” ఆ తరువాత కూడా రెండుసార్లు మళ్ళీ చెమటలు పట్టి, మళ్ళీ ఇంజెక్షన్లు వెయ్యాల్సి వచ్చింది. తెల్లారాకే డాక్టరుగారు మొహం వదులు చేసి మాట్లాడారు.

మూడో రోజు సాయంత్రం చర్చి నుంచి పాస్టరుగారి భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పళ్ళు పట్టుకొని వచ్చారు. పిల్ల మంచం మీద కళ్ళు మూసుకొని పడుకొని ఉంది. నిద్రపోవడం లేదు. నేను చూశాను, రెప్పలు కదులుతున్నాయి.

“ఏం తిన్నదమ్మా? బయట బండి మీదేమన్నా కొనుక్కుందా?” అని అడిగింది పాస్టరుగారి భార్య.

నాకు మళ్ళీ అదే భయం పట్టుకుంది. ఊఁ అంటే సరిపోతుంది. ఆ మాటతో అందరూ ఊరుకుంటారు. టీచరమ్మ ఊఁ అంటే నేను కాదనేదాన్నా? అనేదాన్ని కాదు. కానీ మంచం మీద ఆ పిల్ల వింటోంది.

“కాదండీ. నవమి పందిట్లో పానకం తాగింది” అంది టీచరమ్మ. మామూలు గొంతుతో, బడిలో హాజరు పిలిచినట్టు అంది. “తాగొద్దని నేనే చెప్పాను. అందుకే నాకు చెప్పడానికి భయపడింది. పెద్దమ్మగారు రాకపోతే నేను నిమ్మరసం ఇచ్చి పడుకోబెట్టేదాన్ని.”

పాస్టరుగారి భార్య పళ్ళసంచి కింద పెట్టి, “దప్పికేసిన పిల్ల తాగదా అమ్మా” అని, కొంగు తల మీదకు లాక్కొని ప్రార్థనకు మోకాళ్ళ మీద కూర్చుంది. తక్కిన వాళ్ళూ కూర్చున్నారు. నాకు వంగడానికి చేతకాక గోడకానుకొని నిలబడ్డాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ పిల్ల మాత్రం తెరిచింది. తెరిచి, మోకరించిన వాళ్ళమ్మను చాలాసేపు చూసింది, తనను ఇంకేమైనా అంటుందేమోనని.